క్యాన్సర్ మాత్ర ధర ఎక్కడ తగ్గింది? ఆ పనిలో పాలమూరు యువత ఎక్కడ?

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం 33 ప్రాణరక్షక మందులపై ఉన్న 12 శాతం పన్నును పూర్తిగా ఎత్తేసింది. అదే నెల 22 నుంచి అమల్లోకి వచ్చింది. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఈ అంకెలు ఇప్పటికే నోట్స్‌లో ఎక్కించుకుని ఉంటారు. ఒక మార్కు ప్రశ్నకు అంత చాలు. కానీ ఆ జాబితాలోని మందుల పేర్లు ఒకసారి చదవండి. ఆసిమినిబ్, అలెక్టినిబ్... చివర 'నిబ్' అని ఉందంటే, అది శరీరంలోని ఒక ఎంజైమ్ పనిని ఆపే చిన్న అణువు అన్నమాట. అడ్డుకునేది అనే అర్థమున్న 'ఇన్‌హిబిటర్' అనే ఇంగ్లిష్ మాటలోంచి వచ్చిన తోక అది.

ఈ తోక ఉన్న మాత్రలతో వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్‌లో డిగ్రీ చదివే కుర్రాడికి ఏం పని? చాలా ఉంది. ఈ తరహా మందులు తయారుచేసే ఫ్యాక్టరీలు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నాయి. వాటి ధర ఎందుకు పడిందో, రేపు ఎందుకు పడకపోవచ్చో తేల్చిన కేసుల్లో హైదరాబాద్ కంపెనీ పేరుంది. ఇక ఉద్యోగాల సంగతి చివర్లో చూద్దాం.

ముందు చిన్న లెక్క. లక్ష రూపాయల మందుపై 12 శాతం పన్ను వేస్తే లక్షా 12 వేలు. పన్ను తీసేస్తే మళ్లీ లక్ష. అంటే రోగి కట్టేదాంట్లో తగ్గింది దాదాపు 11 శాతం. మంచిదే, కాదనడం లేదు. అంతకుముందు కూడా ప్రభుత్వాలు ఇలాంటి పనులు చేశాయి. 2019 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సర్ మందులపై వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. 2024 బడ్జెట్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే ఒసిమెర్టినిబ్ సహా మూడు మందులపై కస్టమ్స్ సుంకం తీసేశారు. ఇప్పుడు వీటి పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ నెల కోర్సు, అంటే 120 మాత్రలు, ఒకప్పుడు 2,80,428 రూపాయలు. 2012లో అదే మందు నెలకు 8,880 రూపాయలకు అమ్మాలని ఆదేశం వచ్చింది. తగ్గింది 97 శాతం. పన్నుతో 11, పోటీతో 97. తేడా అక్కడుంది.

తూము తలుపు ఇరుక్కుపోతే...

చట్టంలోకి వెళ్లేముందు సైన్సు. ఇంటర్‌లో బైపీసీ చదవనివాళ్లు కూడా ఈ నాలుగు మాటలు తెలుసుకుంటే మిగతాదంతా తేలిక.

ఖిల్లా ఘణపూర్ వాళ్లకు ఘణప సముద్రం తెలుసు. చెరువు నిండా నీళ్లున్నా పొలానికి వెళ్లేది తూము ద్వారానే. నీరటి వచ్చి తూము ఎత్తితే పారకం, దించితే బంద్. కణంలో ఎంజైమ్‌లు చేసేదీ దాదాపు ఇలాంటి పనే. వాటిలో కైనేజ్‌లు అనే రకం ఉంది. ఇవి ఏటీపీ అనే శక్తి అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ ముక్కను తీసుకుని వేరే ప్రొటీన్‌కు తగిలిస్తాయి. అది తగిలితే 'పెరుగు, విభజించుకో' అనే ఆదేశం ముందుకు వెళుతుంది. అవసరం తీరాక ఆగిపోవాలి.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఈ తూము తలుపు ఎత్తినచోటే ఇరుక్కుపోతుంది. 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క తారుమారై అతుక్కోవడం వల్ల బీసీఆర్-ఏబీఎల్ అనే అసహజ ఎంజైమ్ పుడుతుంది. దానికి ఆపడం తెలియదు. తెల్ల రక్తకణాలు పెరుగుతూనే ఉంటాయి. ఇమాటినిబ్ అనే అణువు సరిగ్గా ఏటీపీ కూర్చోవాల్సిన సందులో దూరి కూర్చుంటుంది. సందు మూసుకుంటే ఆదేశం ఆగుతుంది. 2001 మేలో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు అంటే ఎముక మజ్జ మార్పిడి లేదా కష్టమైన ఇంజెక్షన్లు. ఇప్పుడు రోజూ వేసుకునే మాత్ర. అయితే చాలామంది ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉండాలి. అందుకే ధర అనేది ఇక్కడ ప్రాణంతో సమానమైన విషయం.

చిన్న అణువు అంటున్నాం కదా, ఎంత చిన్నది? ఇమాటినిబ్ అణుభారం 500 డాల్టన్ల లోపే. క్యాన్సర్‌కే వాడే యాంటీబాడీ మందులైతే దాదాపు లక్షా 50 వేల డాల్టన్లు. ఈ తేడా కెరీర్‌కు నేరుగా సంబంధించినది. యాంటీబాడీని బతికున్న కణాల్లో పెంచాలి. చిన్న అణువును రియాక్టర్లో, రసాయన చర్యలతో, మెట్టు మెట్టుగా కట్టొచ్చు. అంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ బాగా వచ్చిన దేశం ఏదైనా చేయగలదు. మనకు వచ్చింది.

మన భీమవరం మనిషి నుంచి

ఎంజైమ్‌ను అడ్డుకుని క్యాన్సర్‌ను కట్టడి చేయడం అనే ఆలోచన తొలిసారి ఫలించిన చోట ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నడిపిన లెడర్లే కంపెనీ పరిశోధన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువులను తయారుచేసింది. చూడ్డానికి విటమిన్‌లా ఉంటాయి, పనికి అడ్డుపడతాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. పది మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. అది ఆపే ఎంజైమ్ డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అని శాస్త్రవేత్తలు గుర్తించింది ఆ తర్వాత దశాబ్దంలో. మందు ముందు వచ్చింది, కారణం తర్వాత తెలిసింది. ఇమాటినిబ్ నాటికి వరుస తిరగబడింది. ముందు ఎంజైమ్‌ను పట్టుకున్నారు, దానికి తగ్గ అణువును కట్టారు.

రెండు తీర్పులు, ఒక కంపెనీ

పోటీ పరీక్షలకు ఈ భాగం ముఖ్యం. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చేది, మందుకు కాదు. వేరే దారిలో అదే మందును చేసుకోవచ్చు. మన ఫార్మా పరిశ్రమ ఎదిగింది ఆ సందులోంచే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడే పార్లమెంటు సెక్షన్ 3(డి)ని పదును పెట్టింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇస్తే సరిపోదు, సామర్థ్యం గణనీయంగా పెరిగితేనే అది ఆవిష్కరణ.

ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపంపై నొవార్టిస్ 1998లోనే చెన్నైలో దరఖాస్తు పెట్టింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో 'వీనాట్' పేరుతో జనరిక్ తెచ్చింది. నొవార్టిస్ మందు నెలకు సుమారు లక్షా 20 వేలు, జనరిక్‌లు పది వేల లోపు. 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. కేసు పైకి పైకి వెళ్లి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో ముగిసింది. జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ధర్మాసనం నొవార్టిస్ వాదనను తోసిపుచ్చింది. సామర్థ్యం అంటే మందుల విషయంలో రోగిపై చూపే చికిత్సా ఫలితమే అని చెప్పింది. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు అవతలి వాదన కూడా చదువుకోవాలి. భారత్‌లో చాలామంది రోగులకు మందు ఉచితంగానే ఇస్తున్నామని, పేటెంట్ లేకపోతే పరిశోధనకు డబ్బు ఎక్కడిదని నొవార్టిస్ అడిగింది. రెండో ప్రశ్న చిన్నదేమీ కాదు. దానికి మళ్లీ వద్దాం.

సొరాఫెనిబ్ కథ వేరు. అక్కడ బేయర్‌కు చెల్లే పేటెంటే ఉంది. నాట్కో సెక్షన్ 84 కింద కంపల్సరీ లైసెన్స్ అడిగింది. మందు జనానికి అందుబాటు ధరలో లేదు, తగినంత దొరకడం లేదు అనేది వాదన. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్.కురియన్ లైసెన్స్ ఇచ్చారు. బేయర్‌కు అమ్మకాలపై 6 శాతం రాయల్టీ కట్టాలన్నారు, మరుసటి ఏడాది అప్పీలు బోర్డు దాన్ని 7 చేసింది. మన దేశంలో ఆ సెక్షన్ కింద మంజూరైన కంపల్సరీ లైసెన్స్ అదొక్కటే. 2021లో కొవిడ్ సమయంలో బారిసిటినిబ్ కోసం (అదీ కైనేజ్‌ను ఆపేదే) నాట్కో మళ్లీ దరఖాస్తు చేసింది. ఈసారి ఎలి లిల్లీ రాయల్టీ లేకుండా తనంతట తానే లైసెన్స్ ఇచ్చేసింది. చట్టం ఉందని తెలిస్తే చాలు, కొన్నిసార్లు వాడనక్కర్లేదు.

ఇప్పుడు మొదటి జాబితాకు వెళదాం. ఆసిమినిబ్ ఎందుకు కావాలంటే, ఇమాటినిబ్ కొందరిలో పనిచేయడం మానేస్తుంది. ఎంజైమ్‌లో 315వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే సందు ఆకారం మారుతుంది, మాత్ర అందులో ఇమడదు. ఆసిమినిబ్ ఆ సందు జోలికి పోకుండా ఎంజైమ్‌కు ఇంకోచోట పట్టుకుంటుంది. ఇది 3(డి) గోలతో పోయే పాత మందు కొత్త రూపం కాదు, నిజంగా కొత్త అణువు. దానికి పేటెంట్ న్యాయమే. కాబట్టి ఈ తరం మందుల ధర ఇమాటినిబ్ పడినట్టు వెంటనే పడుతుందని అనుకోకూడదు. పన్ను సున్నా చేయడం ప్రభుత్వం చేతిలో ఉన్న తేలికైన పని. కష్టమైన పని మిగిలే ఉంది.

జడ్చర్ల, కొత్తూరు, రాయచూరు

నాట్కో ఫార్ములేషన్ ప్లాంటు ఉన్న కొత్తూరు 2016 జిల్లాల విభజన దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో ఉన్నాయి. క్యాన్సర్ మందులే ప్రధానంగా చేసే శిల్పా మెడికేర్ ప్లాంటూ అక్కడ ఉంది. ఆ కంపెనీ కేంద్రం రాయచూరు, గద్వాలలో రైలెక్కితే దిగే ఊరే. క్యాన్సర్ మందుల ముడి రసాయనాలు, అంటే ఏపీఐలు, అక్కడ తయారవుతాయి. మ్యాప్ మీద గీత గీస్తే ఖిల్లా ఘణపూర్ వీటి నడుమ ఉంటుంది.

పోలేపల్లి పేరు వినగానే మన పెద్దవాళ్లకు గుర్తొచ్చేది మందులు కాదు, భూములు. అక్కడ సన్నకారు రైతులు, దళితులు, లంబాడాలు భూములు పోగొట్టుకుని ఏళ్ల తరబడి పోరాడారు, ఎన్నికల్లోనూ నిలబడ్డారు. కాలుష్యంపై ఫిర్యాదులు ఇంకా ఆగలేదు. ఆ భూమి మీద నిలిచిన ఫ్యాక్టరీల్లో ఆ చుట్టుపక్కల పిల్లలకు దొరుకుతున్నదేమిటి అని అడిగే హక్కు ఈ ప్రాంతానికి ఉంది. ఎక్కువసార్లు దొరికేది ప్యాకింగ్, లోడింగ్, కాంట్రాక్టర్ కింద హెల్పర్ పని. ల్యాబ్ కోటు వేసుకునే ఉద్యోగాలకు మనుషులు హైదరాబాద్ నుంచి కంపెనీ బస్సులో వస్తుంటారు. తప్పు ఒక్క కంపెనీలదే అనలేం. మన డిగ్రీ కాలేజీల్లో హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని బొమ్మలోనే చూసి బయటికొచ్చే బీఎస్సీ వాళ్లు ఎంతమంది లేరు!

ఈ ఫ్యాక్టరీల భవిష్యత్తు ఆధారపడింది ఆ యంత్రాల దగ్గరి మనుషుల మీదే. శిల్పా జడ్చర్ల యూనిట్‌కు 2020 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ ఇచ్చింది, మరుసటి ఏడాది దిగుమతి ఆంక్ష పెట్టింది. నాట్కో కొత్తూరు యూనిట్‌కు 2024 ఏప్రిల్‌లో హెచ్చరిక లేఖ వచ్చింది. ఇలాంటి తనిఖీల్లో చూసేది కొత్త సైన్సును కాదు. శుభ్రత ఎలా ఉంది, పరీక్షలో తేడా వస్తే ఎందుకు వచ్చిందో తవ్వారా, రికార్డు అప్పటికప్పుడు రాశారా అని చూస్తారు. 2018లో బీపీ మందు వాల్సార్టాన్‌లో నైట్రోసమైన్ మలినాలు బయటపడ్డాక పట్టు ఇంకా బిగిసింది. పది లక్షల్లో ఒక భాగం, ఇంకా తక్కువ స్థాయిలో మలినాన్ని పట్టుకోవాలి. అది చేయగలిగిన అనలిటికల్ కెమిస్టుకు ఈ బెల్టులో పని తప్పకుండా ఉంటుంది.

కాపీ దాటి

పేటెంట్ లేకపోతే పరిశోధనకు డబ్బెక్కడిదన్న ప్రశ్నకు వద్దాం. దానికి జవాబు మన నగరంలోంచే రాబోయింది. రైజెన్ అనే సంస్థ, హైదరాబాద్‌లోని దాని పరిశోధన విభాగం ఇన్‌కోజెన్ కలిసి ఉంబ్రాలిసిబ్ అనే అణువును కనిపెట్టాయి. పీఐ3కే డెల్టా అనే కైనేజ్‌ను ఆపుతుంది. లింఫోమా రోగుల కోసం 2021 ఫిబ్రవరి 5న అమెరికా ఎఫ్‌డీఏ త్వరిత అనుమతి ఇచ్చింది. అక్కడ అమ్మింది టీజీ థెరప్యూటిక్స్. ఏడాది తిరిగేసరికి వేరే రక్త క్యాన్సర్‌పై జరిగిన పెద్ద ట్రయల్ వివరాలు వచ్చాయి. మందు తీసుకున్నవారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉండొచ్చని తేలింది. 2022లో అనుమతి పోయింది. అదే కుటుంబంలోని ఇతర మందులపైనా ఇలాంటి అనుమానాలే వచ్చాయి.

దీన్ని ఓటమి అని కొట్టేయడం నాకు సమ్మతం కాదు. మనవాళ్లు ఎంజైమ్‌కు తాళం వేయగల అణువును డిజైన్ చేసి, దాన్ని అమెరికా అనుమతి దాకా తీసుకెళ్లారు. కెమిస్ట్రీ వైపు మనం ఎక్కడా తగ్గలేదు. ఆగింది తర్వాతి మెట్టు దగ్గర. ఆ ఎంజైమ్‌ను ఆపితే మంచి కణాలకు ఏమవుతుంది, ఏ రోగికి ఇవ్వాలి, ట్రయల్‌ను ఎన్నేళ్లు నడిపితే నిజం బయటపడుతుంది అనేవి బయాలజీ, స్టాటిస్టిక్స్ ప్రశ్నలు. కెమిస్ట్రీ తప్ప ఇంకేదీ ముట్టని కోర్సులు చదివినంతకాలం అక్కడ మనవాళ్లు పలచగానే ఉంటారు.

మందు కాలేకపోయిన అణువులకూ విలువుంది. 1990ల్లో లిల్లీ కంపెనీ నుంచి వచ్చిన ఎల్‌వై294002 మందు కాలేదు, కానీ పీఐ3కే మీద పనిచేసే ల్యాబుల్లో విరివిగా వాడారు. 'పరిశోధనకు మాత్రమే' అనే లేబుల్‌తో మిల్లీగ్రాముల్లో అమ్మే అణువులివి. కొత్త అణువులను విదేశీ క్లయింట్ల కోసం గ్రాముల్లో చేసిపెట్టే పని హైదరాబాద్‌లో అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్ లాంటి సంస్థలది. ఆర్గానిక్ ఎమ్మెస్సీ వాళ్లకు ఆర్ అండ్ డీలో తొలి మెట్టు చాలాసార్లు ఇదే.

ఏం చదవాలి

పాలమూరు యూనివర్సిటీలో కెమిస్ట్రీ, ఫార్మసీ రెండూ ఉన్నాయి. ఎమ్మెస్సీకి ఉస్మానియా, హెచ్‌సీయూ వైపు చూసేవాళ్లు సీపీగెట్, సీయూఈటీ పీజీలతో ఆగకుండా ఐఐటీ జామ్ కూడా రాయాలి. బీఫార్మసీ వాళ్లకు జీప్యాట్, దాని తర్వాత బాలానగర్‌లోని నైపర్. అక్కడ మెడిసినల్ కెమిస్ట్రీకి ఆర్గానిక్ ఎమ్మెస్సీ వాళ్లూ గేట్ లేదా నెట్‌తో ప్రయత్నించొచ్చు. పీహెచ్‌డీ అనుకుంటే సీఎస్ఐఆర్ నెట్, తార్నాకలోని ఐఐసీటీ, హబ్సిగూడలోని సీసీఎంబీ. మొదటిది అణువు వైపు, రెండోది కణం వైపు. ఇంకో దారిని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు: పేటెంట్ ఏజెంట్ పరీక్ష. సైన్స్ డిగ్రీ, 21 ఏళ్లు నిండితే చాలు. పైన చెప్పిన రెండు కేసులనూ ఇంగ్లిష్‌లో చదివి ఎవరైనా అడిగితే అరగంట మాట్లాడగలిగితే మీకు ఆ రంగం సరిపోతుందని అర్థం.

ఫ్యాక్టరీలోనే చేరేవాళ్లకు ఒక మాట. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడుకు 50 మందికి పైగా చనిపోయారు. అక్కడ చేసేది మందు కూడా కాదు, మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. క్యాన్సర్ మందుల దగ్గర పేలుడుతో పాటు ఇంకో ప్రమాదం ఉంది. క్యాన్సర్ కణాన్ని ఆపే పొడి పీల్చినవాడి కణాన్నీ వదలదు. మెథోట్రెక్సేట్ లాంటివి గర్భంలోని బిడ్డకు చేటు చేస్తాయి. మూసి ఉన్న ఐసొలేటర్లలోనే పొడిని తూచాలి, గాలి వేరుగా తిరగాలి, బట్టలు అక్కడే మార్చాలి. జడ్చర్లలో వాకిన్ పెట్టారని తెలిసి వెళ్లినప్పుడు జీతం ఒక్కటే అడిగి రాకండి. ఏ బ్లాకులో పని, పేరు కంపెనీ రోల్‌లో ఉంటుందా కాంట్రాక్టర్ దగ్గరా, ఈఎస్ఐ, పీఎఫ్ మొదటి నెల నుంచే కడతారా, పొడి దగ్గర పనిచేసేవాళ్లకు రక్తపరీక్షలు ఎన్ని నెలలకోసారి చేయిస్తారు అని అడగండి. జవాబులు కాగితం మీద తీసుకోండి.